వసారా ఆ చివర కోడిపిల్లలు, ఈ చివర నేను

నా చిన్నప్పుడు మా వసారా చివర పగలు కూడా బల్బు వెలుగుతూనే ఉండేది... దాని కింద కోడిపిల్లలు.

మండవల్లి అవతల, కొల్లేరు అంచున మా ఊరు. ఒంటి గది ఇల్లు, ముందు తాటాకు వసారా. వాసనొస్తుందని కోడిపిల్లల్ని ఇంట్లో పెట్టనిచ్చేవారు కాదు. అందుకని అమ్మ బయటే తడికని గుండ్రంగా చుట్టి, కింద ఊక పోసి, పైన బోర్లించిన తట్టలోంచి బల్బు వేలాడదీసింది. మహిళా సంఘంలో నేర్పించినావిడ దాన్ని బ్రూడర్ అనేది... మేం పిల్లల గూడు అనేవాళ్ళం.

ఆ గూడు నాది. పిల్లలన్నీ బల్బు కిందకి చేరి ముద్దగా ఉంటే చలేస్తున్నట్టు. దూరంగా జరిగి నోళ్ళు తెరిస్తే వేడి ఎక్కువైనట్టు. అప్పుడు బల్బు కాస్త పైకి కట్టేదాన్ని.

"ఇవి పెద్దవైతే అమ్మేసి నీకు సైకిలు కొంటానే" అంది అమ్మ.

మా ఊళ్ళో బడి ఏడో తరగతి వరకే. ఎనిమిదికి మండవల్లి వెళ్ళాలి, చేపల చెరువుల గట్ల మీదుగా చాలా దూరం. సైకిలు లేకపోతే నాకు చదువు లేనట్టే. అందుకే బడి నుంచి రాగానే పుస్తకాల సంచీ పడేసి ముందు గూట్లో చెయ్యి పెట్టి చూసేదాన్ని...

ఆ వానాకాలమే నేను పెద్దమనిషినయ్యాను. ఇలాంటివి రాయాలంటే ఇప్పటికీ సిగ్గే... అయినా రాస్తున్నాను.

వసారాకి ఈ చివర కొత్త తాటాకు చాప వేసి నన్ను కూర్చోబెట్టారు. కంచం వేరు, గ్లాసు వేరు. తినడానికి నువ్వులూ బెల్లం దంచిన చిమ్మిలి ఉండలు. మా మామ్మ, అంటే నాన్నవాళ్ళమ్మ, నాకు కాపలా.

"ఇదిగో అమ్మడూ, చాప దిగమాక. పచ్చడి జాడీ వంక పోమాక. ఆ పిల్లల్ని అసలు ముట్టుకోమాక, చచ్చూరుకుంటాయి."

"చూస్తే కూడా చచ్చిపోతాయా మామ్మా?"

"నీ నోరు పడ!" అని నవ్వి, ఇంకో చిమ్మిలి ఉండ దూరం నుంచే నా ఒళ్ళోకి విసిరింది.

మర్నాడు ముసురు పట్టింది. చెరువులో చేపలు పడుతున్నారని అమ్మ కూలికి వెళ్ళింది. మధ్యాహ్నం ఈదురుగాలికి కరెంటు పోయింది. కాసేపటికి గూట్లో అరుపు మారింది... చలికి ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తున్నాయని చూడకుండానే తెలిసిపోయింది నాకు. అలా ఎక్కితే అడుగున ఉన్నవి ఊపిరాడక పోతాయి.

"మామ్మా, వాటిని చేత్తో విడదియ్యి!"

మామ్మ గోనెసంచి తెచ్చి గూటి మీద కప్పింది. పాపం మోకాళ్ళ నొప్పులు, వంగలేదు.

"గోనె కాదు మామ్మా, విడదియ్యాలి!"

"నా చెయ్యి అందట్లేదే... నువ్వు మాత్రం లెగమాక!"

లేచాను. పిల్లల్ని దోసిళ్ళతో తీసి, నాకు కప్పుకోమని ఇచ్చిన దుప్పట్లో వేసుకుని, పొట్టకి ఆనించుకుని కూర్చున్నాను. అవతల మామ్మ గుండెలు బాదుకుంటోంది. సన్నటి గోళ్ళు చర్మానికి గుచ్చుకుంటున్నాయి. మెల్లగా అరుపులు తగ్గాయి... అడుగున ఉన్న ఒకటి రెండు పోయాయి గానీ, మిగతావన్నీ నా ఒళ్ళో కళ్ళు మూసుకుని పడుకున్నాయి.

సాయంత్రం అమ్మ వచ్చి చూసింది. తడిసిన కొంగుతో మొహం తుడుచుకుంటూ, "బతికించావే నా తల్లీ" అంది.

"బతికితే సరా?" అంది మామ్మ. "ముట్టుకుంది కదే. ఆ దోషం రేపు దీనికే తగులుద్ది. పసుపు నీళ్ళు చల్లాలి."

"చలిగా ఉంది కదత్తా..."

"నాలుగు చుక్కలకి ఏమైపోద్దే?"

నాలుగు చుక్కలు కాదు. పిల్లల్ని మళ్ళీ గూట్లో వేయించి, ఏ ఒక్కటీ మిగిలిపోకూడదని, వేపమండ చెంబులో ముంచి ముంచి అన్నిటి మీదా చల్లింది. నా మేలు కోరే చల్లింది... దూదిలా ఉన్న పిల్లలు తడిసి సగమైపోయాయి. నన్ను మళ్ళీ ముట్టుకోనివ్వలేదు. ఆ రాత్రి కరెంటూ రాలేదు.

తెల్లారేసరికి గూట్లో చప్పుడు లేదు.

"చెప్పానా..." అంటూ మామ్మ ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. అమ్మ వాటిని తట్టలోకి ఎత్తుకుని గట్టవతల పూడ్చి వచ్చింది. నేను చాప మీద నా చేతులు చూసుకుంటూ కూర్చున్నాను. సైకిలు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నేనూ అడగలేదు. నా సైకిల్ని నా చేతులతో నేనే పోగొట్టుకున్నాననుకున్నాను... ఏడుతో బడి ఆగిపోయింది.

పెళ్ళయి పెదపాడు వైపు వచ్చాను. ఇక్కడా ఇంటి వెనకాల కోడిపిల్లల్ని పెంచుతాం. మొదట్లో నెలనెలా బయటున్న ఆ రోజుల్లో వాటి దగ్గరికి వెళ్ళేదాన్నే కాదు. పోయినేడు వానల్లో టార్పాలిన్ చిరిగి ఓ మూల పిల్లలు తడిశాయి. పొద్దున్నకి ఆ మూలవే పోయాయి.

"ఏవండీ, వీటిని ఎవరైనా ముట్టుకున్నారాండీ?" అని అడిగాను.

మా ఆయన నా వంక వింతగా చూశారు. "ముట్టుకోవడమేంటి? పిల్ల తడిస్తే చలికి ఆగుద్దా? ఆ మాత్రం తెలీదా నీకు?"

తెలీదు... అంతవరకూ నిజంగా తెలీదు.

అమ్మకి ఫోన్ చేసి చెప్పాను.

"నాకు అప్పుడే అనిపించిందే... మీ మామ్మకి ఎదురు చెప్పలేకపోయాను" అంది.

మామ్మ ఇప్పుడు లేదు. ఉన్నా నేను చెప్పేదాన్ని కాదేమో.

ఇప్పుడు మా వీధి ఆడపిల్లలు ఆ రోజుల్లో కూడా బడికి వెళ్తున్నారు. పొద్దున్నే సైకిళ్ళ మీద గంటలు కొట్టుకుంటూ పోతుంటే, చేతిలో పని ఆపి అలా చూస్తుండిపోతాను... మిమ్మల్ని కూడా ఏదైనా ముట్టుకోవద్దన్నారా ఎప్పుడైనా? మీకు సిగ్గనిపించకపోతే కింద రాయండి...

నాకు ఈ రోజు రెండో రోజు. ఇప్పుడే బ్రూడర్‌లో చెయ్యి పెట్టి చూసొచ్చాను. వెచ్చగానే ఉంది. పిల్లలన్నీ బాగున్నాయి.