కారు అద్దాలు ఎత్తిన తర్వాత

నేను నోరు పెట్టుకుని గెలిచానని ఆత్మకూరులో ఇప్పటికీ చెప్పుకుంటారు. అబద్ధం. ఆ రోజు కారులో నేను నోరే మెదపలేదు.

ఆత్మకూరులో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఇల్లు ఉదయగిరిలో, రోజూ బస్సు. మూసిన పెట్టెలో ఉన్నవాడికి గురుత్వానికీ త్వరణానికీ తేడా తెలియదని పాఠం చెబుతూ, బండి ముందుకు దూకితే లోపలి గ్యాస్ బెలూన్ వెనక్కి కాదు, ముందుకే పోతుందన్నాను. ఒకమ్మాయి ఆ మాట ఇంట్లో చెప్పింది. మర్నాడు వాళ్ళ నాయన ప్రిన్సిపాల్ గదిలో ఉన్నాడు.

"బస్సు కదిలితే మనిషే వెనక్కి పడతాడు, బెలూన్ ముందుకెట్టా పోతాదమ్మా? ఈ చదువుకా పాపను చేర్పించినాను?"

"చూపిస్తాను, రండి" అన్నాను. చూపించలేకపోతే సెక్షన్ వేరేవాళ్ళకు ఇస్తానన్నారు ప్రిన్సిపాల్.

సాయంత్రం గ్యాస్ బెలూనొకటి కొని, ఆయనా నేనూ ఉదయగిరి బస్సెక్కాం. మా బస్సుల్లో కిటికీ మూస్తానంటే పక్కవాళ్ళు కొట్లాటకొస్తారు. అందుకే మూయాలన్న ఆలోచనే రాలేదు నాకు. బస్సు కదిలింది, గాలి కొట్టింది, బెలూన్ వెళ్ళి వెనక సీట్లో అవ్వ మొహానికి తగిలింది.

"ఏందమ్మే, చిన్నపిల్లవా ఆడుకునేదానికి?" అంది అవ్వ. బస్సంతా నవ్వు. ఆయన మాత్రం "చూసినారా?" అని ఊరుకున్నాడు. అదే ఎక్కువ మండింది.

ఇంటికొచ్చినా అదే ఆలోచన. సెక్షన్ సంగతి సరే, తప్పు చెప్పిన టీచరని ఆ పిల్లలు ఎప్పటికీ అనుకుంటారే! పాలు కాచబోతే స్టవ్ మంట గాలికి వాలిపోతోంది. కిటికీ మూశాను. మంట నిలబడింది. నాకు వెలిగింది.

"అన్నా, మీ కారులో ఇంకొక్కసారి. అద్దాలన్నీ ఎత్తి" అన్నాను మర్నాడు.

"మళ్ళా ఓడేదానికా? రామ్మా" అన్నాడు.

వెనక సీట్లో కూతురు బెలూన్ దారం పట్టుకుంది. డ్రైవర్ వెనక్కి చూసుకునే చిన్న అద్దానికి మా ఉదయగిరి చెక్క స్పూనొకటి దారంతో వేలాడగట్టాను. ఆయన యాక్సిలరేటర్ తొక్కాడు. స్పూను వెనక్కి ఊగింది. బెలూన్ ముందుకొచ్చి ఆయన చెవి రాసుకుంది. బ్రేకేస్తే వెనక్కి పారిపోయింది.

"ఓయమ్మ! నాతో ఎగతాళిగా ఉండాదే దీనికి!" అని మళ్ళీ తొక్కాడు. మళ్ళీ, మళ్ళీ. రోడ్డు మీద గొర్రెలవాళ్ళు తిట్టినా ఆపలేదు.

"నాయనా, కారు దూకేటప్పుడు లోపల మనకు 'కింద' అనేది వెనక్కి వాలతాది. బరువైన స్పూను అటు పోయింది. గాలికన్నా తేలికైన బెలూన్ ఎప్పటిలాగే పైకి, అంటే ముందుకు పోయింది" అంది ఆ పిల్ల. నేను చెప్పినదానికన్నా బాగా చెప్పింది. నిన్నటి నుంచి బిగపట్టిన ఊపిరి అప్పుడు వదిలాను. సెక్షన్ నాదే, పిల్లలూ నావాళ్ళే.

వదిలానో లేదో, వెనక నుంచి మళ్ళీ: "మేడం, విద్యుత్ ఛార్జ్ ఉన్న కణం త్వరణంలో ఉంటే విద్యుదయస్కాంత తరంగాలు వెలువరిస్తాదన్నారు. గురుత్వమూ త్వరణమూ ఒకటే అయితే, బల్ల మీద ఊరికే ఉన్న కణం కూడా వెలువరించాల కదా?"

"మళ్ళా మొదలుపెట్టినావా!" అన్నాడు వాళ్ళ నాయన.

ఆ తర్వాత దొరికినంతా చదివాను. బల్ల పక్కన నిలబడ్డవాడికి ఆ తరంగాలు కనిపించవట, పక్కనుంచి కిందికి పడిపోయేవాడికి కనిపిస్తాయట. అలా అని కొందరు, కాదని కొందరు. వాదనంటే నాకు ఇష్టమే, కానీ ఆ పిల్లకు జవాబు బాకీ ఉన్నాను. చూసేవాడిని బట్టి ఉండీ లేకుండా పోయే ఆ తరంగం అసలు ఉన్నట్టా, లేనట్టా?