లక్క దెబ్బల మీద ఖాదర్ పాట

హైదరాబాద్‌లోని రేడియో స్టేషన్‌కు నేను ప్రోగ్రామ్ ఎగ్జిక్యూటివ్‌గా బదిలీ మీద వచ్చింది 1994 జూన్‌లో. నాకు అప్పగించింది రూపకాల విభాగం. రూపకమంటే మాటలు, చప్పుళ్లు, పాటలు కలిపి ఒక విషయం చుట్టూ అల్లే అరగంట కార్యక్రమం. గుడివాడ వైపు నుంచి వచ్చినవాణ్ణి, చార్మినార్ సందుల్లో దారి తెలియడానికే చాలాకాలం పట్టింది. ఈలోగా ఆడిషన్లు చూసే అధికారి సెలవు పెట్టడంతో ఆ బరువూ నా నెత్తినే పడింది.

రేడియోలో పాడాలంటే ఆడిషన్ నెగ్గాలి. అభ్యర్థి స్టూడియోలో పాడతాడు. న్యాయనిర్ణేతలు వేరే గదిలో స్పీకర్ ముందు కూర్చుని వింటారు. వాళ్లకు పేరు చెప్పరు, నంబరే చెబుతారు. నెగ్గినవాడికి గ్రేడు వస్తుంది. గ్రేడు లేనివాడి పేరు ముందు అనౌన్సర్ ‘గానం’ అనే మాట అనకూడదు. మా దగ్గర అది శిలాశాసనం.

నేను చూసిన మొదటి విడత ఆడిషన్లకే ఖాదర్ వచ్చాడు. లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసే ఇంటివాడు, ముప్పైకి దగ్గరపడ్డ మనిషి. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయిస్తూ పాడేవాడు. హోటల్లో పనిచేసే మేనమామ తెచ్చిన క్యాసెట్లలో అమెరికా నల్లవాళ్ల సోల్, ఫంక్ పాటలు విని విని ఆ పద్ధతి వంటబట్టించుకున్నాడు. ఆ పాటల్లో పాడేవాడు గుండెలో ఉన్నది దాచుకోడు, బేస్ గిటార్ వినేవాడి కాళ్లను కుదురుగా ఉండనివ్వదు. మాటలు మాత్రం ఖాదర్ సొంతం, దక్కనీలో, అంటే పాతబస్తీ ఉర్దూలో. నయాపూల్ ట్రాఫిక్ మీద ఒక పాట, ఎంత తన్నినా స్టార్టు కాని మేనమామ స్కూటర్ మీద ఇంకొకటి.

లలిత సంగీతం పెద్దలు ఒక చరణం విని ఇది మా కిందికి రాదన్నారు. గిటార్ మోగగానే జానపదం వాళ్లూ అదే మాట అన్నారు. పాశ్చాత్య సంగీతం వాళ్లు ఇంగ్లీషు పాట పాడమన్నారు. పాపం, పాడాడు. అందులో ఒక్క ఇంగ్లీషు మాట కూడా లేదు, ధ్వని మాత్రం అచ్చం ఇంగ్లీషే. అమెరికాలో ఇది ఏ ప్రాంతపు యాస అని ఒక పెద్దాయన నన్ను మెల్లగా అడిగాడు.

నాకు ఆ గొంతు మహా నచ్చేసింది. ఫలితం చెప్పడానికి వరండాలోకి వెళితే ఖాదర్ గిటార్ సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

“మా అబ్బాకు నేను పాడుడు నచ్చదు సార్. గానా బజానా చేసేటోడు మా ఖాన్‌దాన్‌ల ఎవ్వడు లేడంటడు. రంజాన్ అయినంక గిటార్ అమ్మి దుకాణంల కూసోమన్నడు. దుకాణంల దినమంతా రేడియో నడుస్తది. అండ్ల గానం ఖాదర్ అని ఒక్కపారి చెప్తే ఇగ నన్ను ఆపడు,” అన్నాడు.

గ్రేడు నా చేతిలో లేదు. అయితే రూపకంలో వినిపించే గొంతుకు గ్రేడు అక్కర్లేదు, దాన్ని వాతావరణ శబ్దంగా లెక్కగడతారు. కోడి కూత, బస్సు హారన్ ఏ కోవలోకి వస్తాయో ఖాదర్‌నూ ఆ కోవలోకి తీసుకోవచ్చు. లక్క గాజుల మీద రూపకం ప్రతిపాదించి, మంజూరు కాగానే టేప్ రికార్డర్ భుజాన వేసుకుని వాళ్ల దుకాణానికి వెళ్లాను. ఖాదర్ తండ్రి రహీం చాచా బొగ్గుల సిగ్డీ మీద కాగిన లక్కను రాతి పలక మీద వేసి చెక్కదిమ్మతో కొట్టి సాగదీస్తున్నాడు. ఆ పని గురించి ఓపిగ్గా చెప్పాడు, కొడుకు ఊసే ఎత్తలేదు.

మర్నాడు ఎడిటింగ్ గదిలో ఆ టేపు వింటుంటే, నేను పిలిస్తే వచ్చి పక్కన కూర్చున్న ఖాదర్ చెక్కదిమ్మ దెబ్బలకు తగ్గట్టు కూనిరాగం తీయడం మొదలుపెట్టాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. దెబ్బలున్న టేపు ముక్కను బ్లేడుతో కోసి, రెండు కొసలూ అతికించి వలయం చేశాను. మెషీన్ మీద అది తిరుగుతున్నంతసేపూ రహీం చాచా ఆగకుండా లక్క కొడుతూనే ఉంటాడు. ఆ తాళం మీద ఖాదర్ గిటార్ మీటుతూ గాజుల పాట పాడాడు. అంత హాయిగా నేను ఏ రికార్డింగూ చేసి ఎరగను.

ప్రసారమైంది. చివర్లో అనౌన్సర్ ‘పాల్గొన్నవారు’ అంటూ తండ్రి పేరూ కొడుకు పేరూ కలిపి చదివింది. ‘గానం’ అనలేదు, అనకూడదు కూడా. ఆ సాయంత్రమే ఖాదర్ ఫోన్ చేశాడు. అబ్బా ఒక్క మాట కూడా మాట్లాడలేదని, ఇక గిటార్‌కు బేరం చూసుకోవాలని చెప్పాడు. నాకు చాలా బాధేసింది.

మర్నాడు ఉదయం డ్యూటీ రూమ్‌లో లొల్లి. శ్రోతల ఫిర్యాదులు తీసుకునే గది అది. వెళ్లి చూస్తే రహీం చాచా.

“నిన్న మీరు మస్తు తప్పు చేసిన్రు సాబ్. లక్క కొట్టినందుకు నా పేరు చెప్పిన్రు. మావోడు అంత మంచిగ పాడిండు, పాడింది ఎవరో చెప్పలె. గిదేంది?”

గ్రేడు సంగతి వివరించాను. ఆయన వినిపించుకోలేదు.

“నలభై ఏండ్ల సంది కొడుతున్న చెయ్యి సాబ్ ఇది. దీని దెబ్బ నాకెరుక. దాని మీద వాడు ఒక్క దగ్గర గూడ తప్పలె. ఇంకేం గ్రేడ్ గావాలె వానికి?”

అప్పుడు వెలిగింది నాకు. గ్రేడు లేనివాణ్ణి గాయకుడని మా అంతట మేము ప్రకటించకూడదు. కానీ శ్రోత అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పి తీరాలి. ఆయన అడిగింది కాగితం మీద రాసి, ఆయనతోనే సంతకం పెట్టించుకుని స్టేషన్ డైరెక్టర్ ముందు ఉంచాను. డైరెక్టర్ రెండుసార్లు చదివి, నవ్వు ఆపుకుంటూ సంతకం చేశారు.

ఆ వారం ఉత్తరాల కార్యక్రమంలో అనౌన్సర్ చదివింది: “లాడ్ బజార్ నుంచి రహీం గారి ప్రశ్న. లక్క గాజుల రూపకంలో పాట పాడినది ఎవరు? జవాబు. వారి అబ్బాయి ఖాదర్.”

గిటార్ అమ్మలేదు. ఖాదర్ నాకు మరో రెండు రూపకాల్లో పాడాడు. రెండు వేల సంవత్సరం తర్వాత రూపకాలు తగ్గిపోవడంతో అతని రేడియో జీవితం ఆ మూడు పాటలతో ముగిసింది. పెళ్లిళ్లలో పాడటం మాత్రం మానలేదు. ఆ తండ్రీకొడుకుల వల్ల నా ఉద్యోగానికి ఒక విలువ వచ్చిందని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ తర్వాత కొత్త గొంతు ఎవరిదైనా ముందు పాట చివరిదాకా విన్నాను, ఆ తర్వాతే నిబంధనల పుస్తకం తీశాను. ఒక పేజీ వద్దంటే ఇంకో పేజీ తిప్పాను. చాలాసార్లు దారి దొరికింది.