కాలువ తీసిన ఏడాది

మిరుగం, అంటే మృగశిర కార్తె, మొదలైన నాడు చేప తినని ఇల్లు మా వైపు ఉండదు. ఆ రోజు చేప కూర నోట్లో పడకపోతే వానాకాలమంతా దగ్గూ దమ్మూ వదలవని నమ్మకం. ఏడాదిలో ఆ ఒక్క రోజు మా అమ్మ చేపల గంప పక్క ఊరు ఇంద్రేశం చేరకముందే ఖాళీ అయ్యేది. అలాంటిది తొంభైల నడుమ ఒక మిరుగం నాడు, అమ్మ చెరువు కట్ట మీద కర్ర పట్టుకుని కూర్చుని, వల తెచ్చినవాణ్ణల్లా వెనక్కి తోలింది. చేపలమ్మే మనిషే చేపలు పట్టొద్దని కాపలా కాస్తుంటే ఊరు నోరెళ్లబెట్టింది. కడుపున పుట్టినవాణ్ణి, నాకే వింతగా ఉంది.

"ఏందక్కా, దిమాగ్ ఖరాబైందా? మిరుగం నాడు చేప లేకుంటె ఎట్లనే?" అని మా చిన్న మేనమామ అరిచాడు.

"దాని పొట్టల గుడ్లున్నయి రా. నీ పెండ్లాం కడుపుతోటి ఉన్నప్పుడు బాయిల నూకినవా?" అంది అమ్మ. మామ వల భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు మా ఇంట్లో పటాన్‌చెరు సంతలో కొన్న ఎండు చేపల పులుసు. చెరువు పెట్టుకుని ఎండు చేపలు కొనుక్కున్న మొదటి ఖాందాన్ మనదేనని తమ్ముడు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

ఇదంతా చేపల శాఖ నుంచి వచ్చిన మేడం వల్ల. కోస్తా వైపు మనిషి, చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో దిగే మనిషి. అంతకుముందు సర్కారు ఏటా ఇన్ని చేప పిల్లలు తెచ్చి చెరువులో పోసేది, అవి ఎదిగీ ఎదగకముందే మేం పట్టేసేవాళ్లం, మళ్లీ ఏడు దాకా చేతులు ముడుచుకునేవాళ్లం. మేడం వచ్చి మా చేపల సంఘాన్ని కూర్చోబెట్టి, "చేప ఒక్కదాన్నే చూస్తే లాభం లేదండీ. నీళ్లు, తుంగ, కొంగలు, కింద పొలాలు, మీరు, అంతా కలిపి చూసుకుంటేనే చెరువు నిలబడుతుంది" అంది.

"కొంగలకు గూడ సంఘంల వాటా ఇయ్యాల్నా మేడం?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"అవి ఎప్పటి నుంచో తీసుకుంటూనే ఉన్నాయండీ. మీకన్నా తక్కువే తీసుకుంటున్నాయి" అంది మేడం. సంఘమంతా నవ్వింది. అమ్మకు ఆమె నచ్చింది అక్కడే.

అలా ఒప్పందాలు కుదిరాయి. వానలు మొదలయ్యాక చేపలు గుడ్లు పెట్టేదాకా వల వేయొద్దు. సన్న కన్ను వలలు బంద్. చేపలకు నీడగా తుంగను సగం వదిలేయాలి. చెరువు కింది రైతులు నీళ్లు నడుమ మడుగు దాకా తగ్గగానే తూము మూసేయాలి. రైతులు ఊరికే ఒప్పుకోలేదు, వాళ్ల గడపల ముందు మా వాళ్లు ఎన్ని రోజులు కూర్చున్నారో. అన్నిటికన్నా కష్టమైన ఒప్పందం కొరమట్టది. కొరమట్ట, అంటే కొరమీను, తన ఎర్రటి పిల్లల గుంపును ముందు పెట్టుకుని కాపలా కాస్తుంది. ఆ గుంపులో ఏం పడ్డా తల్లి కోపంతో వచ్చి కొరుకుతుంది. గాలం అక్కడే వేస్తే తల్లి దొరుకుతుంది, పిల్లలు దిక్కులేనివవుతాయి. ఆ పనిలో మా తమ్ముణ్ణి మించినవాడు ఊళ్లో లేడు. వాడే అందరికన్నా ముందు గాలం అటక మీద పడేశాడు.

వాడికి చెరువు కావాలి. నాన్న పోయాక నేను మందుల కంపెనీలో కాంట్రాక్టు కూలీగా చేరాను. రియాక్టర్ దగ్గర పని, చేతుల మీద తోలు పాములా ఊడేది. "ఉన్న ఇద్దరిల ఒకన్ని కంపెనీకి ఇచ్చిన, చాలు" అనేది అమ్మ. చిన్నవాణ్ణి కంపెనీ గేటు తొక్కనివ్వనని ఆమె పట్టు. వాడికి కొత్తగా పెళ్లయింది, పెద్ద కన్ను వల ఒకటి కొత్తది అల్లించాడు. చెరువు నిలబడితే వాడు నిలబడతాడు. లేకపోతే వాడికీ నా గేటే దిక్కు. అమ్మ కర్ర పట్టుకుని కూర్చున్నది అందుకే, కొంగల మీద ప్రేమతో కాదు.

ఆ ఏడు మేం చూసింది మామూలు చెరువు కాదు. తుంగలో ఎక్కడ చూసినా ఎర్రటి పిల్లల గుంపులు. అంతకుముందు ఎండాకాలమే మడుగులో నీళ్లు మిగిలాయి, మడుగులో తల్లి చేపలు మిగిలాయి. బొచ్చె చేపలు పొర్లుతుంటే ఒడ్డున నిలబడ్డ మాకు చప్పుడు వినిపించేది. మిరుగం నాడు తిట్టిపోయిన మామే కట్ట మీదికి చుట్టాలను తీసుకొచ్చి, ఇదంతా తనే చేయించినట్టు చూపించేవాడు. వానలు వెళ్లాక వేయబోయే వల గురించి తమ్ముడు అన్నం తింటూ కూడా మాట్లాడేవాడు.

ఇక మిగిలిన పని కాలువ. పైనున్న ఒర్రె నుంచి, అంటే చిన్న వాగు నుంచి, మా చెరువుకు ఒక వరద కాలువ ఉండేది. మట్టి మేట వేసి, సర్కారు తుమ్మ మొలిచి, ఎప్పుడో పూడిపోయింది. ఒర్రె నీళ్లు పక్కకు మళ్లి బీడు భూముల్లో పడి పోయేవి. కాలువ తెరిస్తే నీళ్లకు నీళ్లు, పైగా చేపలు ఎదురెక్కి గుడ్లు పెట్టుకుంటాయని మేడం ప్లానులో రాసింది. మేమంతా సై అన్నాం. ఒర్రెలో ఎండాకాలం అక్కడక్కడ ఎర్రటి నీటి గుంటలు ఉండేవి, మేకలు వాటిలో మూతి పెట్టేవి కావు. మేం చూడలేదని కాదు, చూశాం. ఒక్క పెద్ద వాన పడితే అంతా కొట్టుకుపోతుందనుకున్నాం. పారే నీళ్లకు మైల ఉండదని, కొత్త నీళ్లంటే గంగమ్మే ఇంటికి వచ్చినట్టని చేపలోళ్ల ఇళ్లల్లో పుట్టుకతోనే నేర్పుతారు. ఆ నమ్మకంతోనే ఇంటికొక మనిషి పార పట్టి తవ్వాడు. చివరి మన్నుకట్ట దగ్గర పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, దాన్ని అమ్మ చేతే తెంపించారు.

పెద్ద వాన ఒక మధ్యాహ్నం పడింది. పొద్దుగూకే వేళకు కాలువ నిండా నీళ్లు, నురగలు కక్కుకుంటూ చెరువులో పడ్డాయి. మామ ఆ నీళ్లలో నిలబడి ఎగిరాడు. కొత్త నీళ్ల వాసన తగిలితే తల్లి చేపలు ఎక్కడున్నా కాలువ మూతికే ఉరుకుతాయి. ఉరికాయి. వాటి వీపులు నీళ్లపైన కనిపిస్తుంటే ఆడవాళ్లు దండం పెట్టారు.

తెల్లారి తమ్ముడి కేక విని పరుగెత్తాను. కాలువ మూతి దగ్గర నీళ్లు కనిపించలేదు, తెల్లటి పొట్టలే కనిపించాయి. బొచ్చెలు, రవ్వలు, జెల్లలు, చిటికెన వేలంత పరకలు, అన్నీ వెల్లకిలా తేలి ఉన్నాయి. అంతకన్నా ఘోరం ఒడ్డున ఉంది. కొరమట్టలు నీళ్లు వదిలి గడ్డిలోకి పాకి వచ్చాయి. చెరువు ఎండినా బురదలో దాక్కుని బతికే చేప అది, నీళ్లలో ఉండలేక బయటికొచ్చి నోళ్లు తెరిచి పడి ఉంది. ఎవరో చనిపోతే ఏడవడం తెలుసు, దీనికి ఏం చేయాలో మా ఊళ్లో ఎవరికీ తెలియదు. అందరం ఊరికే నిలబడ్డాం. మామ మాత్రం ఒక చేపను తీసి నీళ్లలోకి వదిలాడు, అది తేలితే మళ్లీ తీసి మళ్లీ వదిలాడు.

అమ్మ ఒంగి దోసిట్లో నీళ్లు తీసుకుంది. వాసన చూసింది. నా వైపు తిరిగింది.

"ఇది నీ అంగి వాసన రా" అంది.

నిజమే. రోజూ షిఫ్టు దిగి నేను విప్పేసే బట్టలు ఉతికేది ఆమే. ఆ వాసన నాకన్నా ఆమెకే బాగా తెలుసు. మా కంపెనీదో, పక్కదో, దాని పక్కదో, ఏ ఒక్కదానిదని చెప్పగలను? ఒర్రె పొడుగునా అవే గోడలు. పూడిపోయిన ఆ మట్టే ఇన్నేళ్లూ మా చెరువుకు అడ్డం నిలబడి కాపాడిందని అప్పుడు అర్థమైంది. అక్కడే కూలబడ్డాను.

మేడం సాయంత్రానికి వచ్చింది. పరీక్ష చేయించడానికి సీసాల్లో నీళ్లు పట్టింది. "కాలువ ప్లానులో పెట్టింది నేనేనమ్మా. పైకి వెళ్లి ఆ ఒర్రె చూడాల్సింది" అని ఏడ్చింది.

"నువ్వు రాస్తివి, మేం తవ్వితిమి. పసుపు బెట్టి మరీ తవ్వితిమి. నిన్నేమంటం బిడ్డా?" అంది అమ్మ. ఐసు పెట్టెలతో వచ్చిన వ్యాపారిని మాత్రం వదల్లేదు. సచ్చిన చేపలు పట్నంలో అమ్ముకుంటానన్నందుకు వాణ్ణి ఆటో ఎక్కేదాకా తిట్టింది. చేపలన్నీ గుంత తీసి పూడ్చాం. తవ్విన మన్నే తెచ్చి కాలువ మళ్లీ మూశాం. మేడం తీసుకెళ్లిన సీసాల గురించి ఏ కబురూ రాలేదు, తర్వాత ఆమెకు బదిలీ అయింది.

వానలు వెళ్లాయి. వల వేయాల్సిన రోజుల్లో ఒక పొద్దున తమ్ముడు నా పక్కన వచ్చి నిలబడ్డాడు. "అన్నా, మీ కంపెనీల ఇంకో మనిషిని తీస్కుంటరా?" అన్నాడు. అమ్మ వాకిలి ఊడుస్తోంది. విన్నది. చీపురు ఆగలేదు.

కాంట్రాక్టరు వాణ్ణి వెంటనే పెట్టుకున్నాడు. మొదటి రోజు పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చున్నాం ఇద్దరం.

"ఏం పనిచ్చిన్రు రా?" అని అడిగింది అమ్మ.

"ట్యాంకర్ మీద క్లీనర్. కంపెనీ నీళ్లు తీస్కపోయి పారబోసుడు."

అమ్మ చేతిలో గరిటె ఆగింది. "ఏ ఒర్రెల పోస్తున్నరు రా?" అంది.

తమ్ముడు తలెత్తలేదు. నేనూ ఎత్తలేదు. వాడు అన్నం పిసుకుతూ, "జెర చారు పొయ్యి అమ్మా" అన్నాడు. అమ్మ పోసింది.