ఫోటోలో చూసిన నర్తకి కోసం ఆళ్లగడ్డకు

పొద్దున ఆరు దాటాక గుంటూరులో నంద్యాల వైపు వెళ్లే ప్యాసింజరు ఎక్కాను. నెట్‌లో స్నేహితులను కలిపే సైట్లు మన ఊళ్లకు కొత్తగా వచ్చిన రోజులవి. తోటల్లో పెట్టుకునే కుండీలు, రాతి బొమ్మలు అమ్మే చిన్న దుకాణం నాది. ఆళ్లగడ్డ శిల్పి మౌనేశ్వర్ అలాంటి సైట్‌లోనే పరిచయమయ్యాడు. అతను పెట్టిన నర్తకి విగ్రహం ఫోటో చూసి మా ఊరి డాన్సు టీచరు ముచ్చటపడింది. ఆమె కొత్త బడి తెరిచే నాటికి తెప్పిస్తానని మాటిచ్చాను. అప్పటినుంచి మౌనేశ్వర్ రోజూ సైట్‌లో కనిపిస్తూనే ఉన్నాడు. "రెడీ అక్కా" అంటున్నాడు. లారీ మాత్రం ఎక్కించడం లేదు.

"రోజూ గంటలకొద్దీ ఆ కంప్యూటర్ ముందే ఉంటావు. అది వ్యాపారమో కాలక్షేపమో ఈసారి తేల్చుకుని రా" అన్నారు మావారు, స్టేషన్‌లో దింపుతూ.

గిద్దలూరు దాటాక నల్లమల మొదలైంది. ఎదురు సీట్లో సంజామలకు పోతున్న గాజుల వ్యాపారి, ఒక పెద్దాయన, కూర్చున్నాడు.

"యాడికి పోతాండావ్ మ్మా?"

చెప్పాను.

"మనిషిని చూడకుండానే, ఫోటో చూసి మాటిచ్చినావా?" అంటూ నన్ను ఎగాదిగా చూసి, గాజుల మూట కాస్త తన వైపు జరుపుకున్నాడు.

నంద్యాలలో దిగేసరికి ఒంటిగంట. ఆటోలో బస్టాండు చేరి, ఎదురుగా ఉన్న మెస్‌లో భోంచేశాను. పప్పు బాగుంది, మజ్జిగ మరీ పలచన. మూడున్నరకు ఆళ్లగడ్డలో దిగాను. రోడ్డు పక్క షెడ్లలో ఉలుల చప్పుడు, గాలి నిండా రాతి పొడి. మౌనేశ్వర్ పేరు చెబితే ఒకాయన నవ్వి వాళ్ల షెడ్డు చూపించాడు.

అక్కడ అతని తండ్రి మద్దిలేటి ఆచారి ఒక్కడే ఉన్నాడు.

"వాడు ఈడ యాడుంటాడు తల్లీ? పొద్దున్నే నంద్యాలకు పోయినాడు, నెట్టు సెంటర్‌కు. మాపటికి గానీ రాడు."

నర్తకి ఎదురుగానే నిలబడి ఉంది. ఆ ముఖం, గజ్జెలు, నడుము వంపు, అన్నీ ఫోటోలో ఉన్నట్టే ఉన్నాయి. ప్రాణం లేచొచ్చింది. అయినా అనుమానం తీరక వెనక్కి వెళ్లి చూశాను. జడ లేదు, వీపు లేదు. మొరటు బండ, దాని మీద సుద్దతో గీసిన నాలుగు గీతలు.

ఆరింటి బస్సు దిగి వచ్చిన మౌనేశ్వర్ నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. పాతికేళ్ల కుర్రాడు. రెడీ అంటే ఇదేనా అని నిలదీశాను.

"ఫోటోకు ముందరి పక్కే కదక్కా కావాల్సింది. వెనక పక్కకు వారం చాలనుకుంటి. నెట్టు సెంటర్‌కు పోతే ఒకరికి జవాబు రాసేలోపల ఇంకొకరు అడుగుతారు. పొద్దు తెలీదు."

"అడిగినవాళ్లలో కొన్నవాళ్లెంతమంది?"

కాసేపు తల గోక్కున్నాడు. "నువ్వొకదానివే."

తండ్రి పకపకా నవ్వాడు. మౌనేశ్వర్‌కు రోషం వచ్చింది. "ఆడికి పోకుంటే ఈమె మాత్రం వచ్చుండునా నాయనా?" అని, నా వైపు తిరిగాడు. "అయినా నీ దుకాణం నిజంగా ఉండాదని నాకేం తెలుసక్కా? రాయి పంపినాక నువ్వు కనబడకుంటే?"

నా కార్డు తీసిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇట్లాంటివి నంద్యాలలో యాడైనా అచ్చు కొట్టిస్తారు."

కోపం వచ్చింది గానీ, నేను అతన్ని చూసిన చూపుతోనే అతను నన్ను చూస్తున్నాడు. చివరికి మద్దిలేటి ఆచారే తేల్చాడు. విగ్రహం పూర్తయ్యేదాకా కొడుకు ఆదివారం ఒక్కపూటే నంద్యాల పోవాలి. విగ్రహంతో పాటు తనూ లారీలో వచ్చి, నా దుకాణం కళ్లారా చూసుకోవాలి. ఇద్దరం సరేనన్నాం.

బస్టాండు దగ్గర లాడ్జిలో పడుకున్నాను. గది శుభ్రంగానే ఉంది, దోమలు ఎక్కువ. పొద్దున ఉగ్గాణి, బజ్జీ తిని షెడ్డుకు వెళితే మౌనేశ్వర్ అప్పటికే నర్తకి వీపు చెక్కుతున్నాడు. నేనున్నానని చెక్కుతున్నాడా, రోజూ చెక్కుతాడా?

తిరుగు రైలు గిద్దలూరులో ఆగినప్పుడు షెడ్డుకు ఫోన్ చేశాను. మద్దిలేటి ఆచారి ఎత్తాడు. వెనకనుంచి ఉలి చప్పుడు వినిపిస్తోంది.

"వాడేనా కొట్టేది?"

"వాడే తల్లీ."

"ఒకసారి ఫోనివ్వండి."

"పనిలో ఉండాడు, మళ్ల మాట్లాడతాడంట."

నమ్మాలో వద్దో తెలియలేదు. విగ్రహం డాన్సు బడి తెరిచే నాటికే, నున్నటి వీపుతో వచ్చింది, మౌనేశ్వర్ వచ్చి నా దుకాణం కొలతలు కూడా చూసిపోయాడు. కానీ అదంతా తర్వాతి మాట. ఆ మధ్యాహ్నం రైల్లో మావారికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. వ్యాపారమూ నిజమే, కాలక్షేపమూ నిజమే. ఇకమీదట రోజుకు ఒక్క గంట, అదీ ఆర్డర్ల కోసమే అని గట్టిగా అనుకున్నాను. ఆ మాట అంటున్నది నేనే గనక, పూర్తిగా నమ్మలేకపోయాను.