అందరినీ గుర్తుపట్టే అత్తయ్య

ఏ ఫోటో చూపించినా సరే, అందులో ఉన్నది ఎవరో తెలియదని ఒప్పుకోవడం మా మేనత్తకు చేతకాదు. ఎప్పటి ఫోటో అయినా, ఎవరింటి గోడ మీదిదయినా, కళ్లజోడు ముక్కు మీదికి దించి, ఒక్క క్షణం చూసి తీర్పు చెప్పేస్తుంది. ఒకసారి కొత్తగా కొన్న ఫోటో ఫ్రేము తెచ్చాను. అందులో షోకు కోసం ఒక దంపతుల బొమ్మ పెట్టి అమ్ముతారే, దాన్ని చూసి కూడా, "వీళ్లు మా చిన్నాన్న వియ్యంకుల తరఫు వాళ్లు. పెళ్లికి రాలేదని మీ తాతయ్య మాట్లాడ్డం మానేశాడు" అంది.

"అత్తయ్యా, అది ఫ్రేముతో పాటు వచ్చిన కాగితం!"

"అయితే ఏం? వాళ్లు మాత్రం ఎవరికో ఒకరికి చుట్టాలు కారా?"

మేం నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వు ఆగిపోయే రోజు ఒకటి వచ్చింది. వర్షాలకు గోడ చెమ్మగిల్లి, బీరువా అడుగున ఉన్న మూడు ఆల్బములకు బూజు పట్టింది. నాన్న పోయాక ఆ తరంలో మిగిలింది అత్తయ్య ఒక్కతే. ఆ ఫోటోలు పాడైతే ఆ ముఖాలు ఇక లేనట్టే. ముఖాలు దక్కినా, పేర్లు చెప్పగల నోరు అదొక్కటే. ఆ నోటి సంగతేమో ఇదీ!

పాత ఫోటోలను స్కాన్ చేసి కంప్యూటర్లో భద్రపరిచే స్టూడియోకు నేనూ, వదినా, అత్తయ్యా వెళ్లాం. ఆల్బములను దుప్పటిలో చుట్టి పట్టుకున్న వదిన దారంతా ఒళ్లోంచి దించలేదు.

స్టూడియో నడిపే ఆవిడ తెల్లటి చేతితొడుగులు వేసుకుని, ఒక్కో ఫోటోనూ మెత్తటి బ్రష్షుతో దులిపి, గాజు మీద బోర్లించి మూత వేసేది. "పేర్లు చెప్పండి. పేరు లేకుండా దాచుకుంటే మీ పిల్లలకు ఇవి ఎవరివో ఏం తెలుస్తుంది?" అంది.

అత్తయ్యకు అంతకంటే ఏం కావాలి!

"ఈ గొడుగు పట్టుకున్నాయన?"

"మా నాన్న తోడల్లుడు."

పది ఫోటోల తర్వాత మళ్లీ అదే మనిషి, అదే గొడుగు.

"మా లెక్కల మాస్టారు" అంది అత్తయ్య.

"ఇందాక తోడల్లుడన్నావు!" అన్నాను.

"తోడల్లుడైతే లెక్కలు చెప్పకూడదా?"

స్టూడియో ఆవిడ ఓపిగ్గా రెండూ టైపు చేసింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. "తెలియకపోతే తెలియదను అత్తయ్యా! నువ్వేం చెబితే అదే మిగిలిపోతుంది" అన్నాను గట్టిగానే.

"మిగలాలనేగా చెబుతున్నా" అంది.

రెండో ఆల్బములో, పేము కుర్చీలో కూర్చున్న పాప ఫోటో వచ్చింది. కుచ్చుల గౌను, బోసినవ్వు.

"మన కోడలు. ఏడో నెల" అంది అత్తయ్య.

వదినకున్న చిన్నప్పటి ఫోటో అదొక్కటే. తను బడికి వెళ్లే రోజుల్లోనే వాళ్లిల్లు కాలిపోయింది. కాగితం ముక్క మిగల్లేదు. అన్నయ్యతో పెళ్లయిన కొత్తలో మేమంతా మా చిన్నప్పటి ఫోటోలు చూసుకుని నవ్వుకుంటుంటే తను తల వంచుకు కూర్చుంది. మర్నాడు అత్తయ్య ఈ ఫోటో తెచ్చి, "పోయిన మీ పెద్దమ్మ సంబంధం మాట్లాడేటప్పుడు ఇచ్చింది. నా పెట్టెలో ఉండిపోయింది" అంటూ చేతిలో పెట్టింది. ఆ తర్వాత అత్తయ్యే దాన్ని ఆల్బములో అంటించింది.

"ఈ ఒక్కటే బంకతో అంటించారేం?" అని అడిగింది స్టూడియో ఆవిడ. మిగతావన్నీ కాగితపు మూలల్లో దోపి ఉన్నాయి.

"గాలికి పోతుందని" అనేసి, కాళ్లు పీకుతున్నాయంటూ అత్తయ్య ముందుగదిలోకి వెళ్లిపోయింది.

స్టూడియో ఆవిడ పల్చటి రేకుతో అంచులు మెల్లగా లేపి, ఫోటో ఊడదీసి వెనక్కి తిప్పింది. ఫోటో తీసినవాళ్ల ఊదారంగు ముద్ర, దాని కింద తేదీ. అత్తయ్య పుట్టిన మరుసటి ఏడాది! అప్పటికి వదిన వాళ్లమ్మే పుట్టలేదు. మూడు ఆల్బముల్లో ఎక్కడా అత్తయ్య పసితనం ఫోటో లేదన్న సంగతి మాలో ఎవరికీ ఎన్నడూ తట్టలేదు.

వదిన ముఖం వైపు చూడటానికి భయపడ్డాను. తను మాత్రం నెమ్మదిగా, "నాకు తెలుసు" అంది.

"ఎప్పటినుంచి?"

"ఇచ్చిన రోజునుంచే. ఆ చెవులు చూడు. మీ ఇంటి చెవులు దాచితే దాగుతాయా?"

"మరి ఇన్నేళ్లూ ఒక్క మాటయినా..."

"ఆవిడకున్నది అదొక్కటే. అదే తెచ్చి నాకిచ్చింది. నాది కాదని ఎలా అనను?"

స్టూడియో ఆవిడ కంప్యూటరు వైపు తిరిగి, "ఏ పేరు రాయమంటారు?" అంది.

వదిన తన పేరు చెప్పి, పక్కనే అత్తయ్య పేరు కూడా రాయమంది. నేను అడ్డు చెప్పలేదు. వెనకవైపు కూడా స్కాన్ చేయమని మాత్రం అడిగాను.

వారం తర్వాత ఫోటోలన్నీ భద్రంగా చేతికొచ్చాయి. వదిన ఆ పాప ఫోటోను పెద్దదిగా వేయించి, అత్తయ్య మంచానికి ఎదురుగా గోడకు తగిలించింది. అత్తయ్య దాని ముందు నిలబడి చాలాసేపు చూసింది.

"అచ్చం మీ పోలికే అత్తయ్యగారూ" అంది వదిన.

అత్తయ్య కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది.

"ఉండదూ మరి? మా ఇంటికి రావాల్సిన పిల్లవు. పోలిక ముందే పట్టుకొచ్చావు" అంది.