కంచెకి అవతల పిన్ని

పోయిన వారం తమ్ముడు అవనిగడ్డ దగ్గర మా పొలం నుంచి ఫోనులో ఒక ఫొటో పంపించాడు. మాకూ బాబాయి వాళ్ళకీ మధ్యనున్న ముళ్ళకంచెని జేసీబీతో పీకించేసి, సిమెంటు స్తంభాలు పాతి తీగ లాగించాడట, ఎలా ఉందక్కా అని అడిగాడు. చాలా బాగుంది నాన్నా అని చెప్పి, ఇక్కడ బందరులో మా వంటింట్లో పీట మీద కూలబడి ఏడ్చాను. కంచె పోయిందని ఏడ్చే మనిషి ఉంటుందా అని పిల్లలు నవ్వుతారు గానీ, మన ఈడు వాళ్ళకైతే చెప్పుకోవచ్చు.

మా చిన్నతనంలో రెండిళ్ళూ పొలాల్లోనే, కంచెకి చెరో పక్కన ఉండేవి. మినుము తీత అయిపోగానే కంచె కొట్టే పని పడేది. దానికి కూలీలను పిలిచేవారు కాదు, రెండిళ్ళ వాళ్ళమే దిగేవాళ్ళం. నాన్న బాబాయి పొలంలోకి వెళ్ళి అటు వైపు కంప నరికేవాడు, బాబాయి మా పొలంలోకి వచ్చి ఇటు వైపు నరికేవాడు. ఎవరి వైపు వాళ్ళే కొట్టుకుంటే నువ్వు గట్టు జరిపావంటే నువ్వు జరిపావన్న మాట వస్తుందని మా తాతయ్య పెట్టిన పద్ధతి అది. అమ్మా పిన్నీ పంగలకర్రలతో కంపను కుప్పకి నెడుతూ ఊళ్ళో కబుర్లన్నీ చెప్పుకునేవారు, పిల్లలం సీమచింతకాయలు ఏరుకోవడం తప్ప ఒరగబెట్టిందేమీ లేదు. తోటికోడళ్ళిద్దరూ రాకపోకలకని మధ్యలో చిన్న దారి మాత్రం ఏటా తప్పకుండా కొట్టించుకునేవారు.

ఒక ఏడు నాన్నకి పచ్చకామెర్లు వచ్చి మంచం పట్టాడు. అన్నయ్య లేవలేడు కదా అని బాబాయి ఒక్కడే రెండు వైపులా కొట్టేశాడు. నాన్న లేచి వచ్చి చూసి, సాయాన్ని సాయంగా చూడలేకపోయాడు.

"నీ వైపు నువ్వెట్టా కొట్టుకుంటావురా? గట్టు మింగేద్దామనా?"

"జబ్బు మనిషివని చేస్తే దొంగని చేశావు గదా అన్నయ్యా," అని బాబాయి కత్తి అక్కడే విసిరేసి వెళ్ళిపోయాడు. మా ఇంట్లో మగవాళ్ళ కంటే ముందు వాళ్ళ పంతం పుట్టిందని మా నాయనమ్మ ఊరికే అనేది కాదు.

ఆ తర్వాత కంచెని ఎవరూ ముట్టుకోలేదు. సర్కారు తుమ్మా ఈతా దొండతీగా అల్లుకుపోయి, ఆడవాళ్ళ దారి పూడుకుపోయింది. కాలవగట్టు మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళవచ్చు గానీ, వెళ్ళవద్దని నాన్న గట్టిగా చెప్పాడు. అంట్లు తోముకునే వేళ అమ్మా పిన్నీ కంచెకి చెరో వైపూ చేరి, మనిషి కనిపించకుండా మాటలు మాత్రం చెప్పుకునేవారు. ఇంతలో పిన్నికి ఊపిరితిత్తుల జబ్బు చేసింది. అటు నుంచి మాటల కంటే దగ్గే ఎక్కువ వినిపించేది.

"అక్కా, నీ మొహం చూసి ఎన్నాళ్ళయిందో. ఒక్కసారి వచ్చిపోరాదూ," అందొక రోజు.

దారైనా కొట్టండి, లేదా గట్టు మీదుగానైనా వెళ్ళి రానివ్వండి అని అమ్మ నాన్నని అడిగింది. వాణ్ణి వచ్చి అడగమను, రేపే కొడతానన్నాడు. అటు బాబాయీ అదే మాటన్నాడట. అమ్మ మళ్ళీ అడిగింది, ఇంకోసారి అడిగింది.

తొలకరి పడక ముందే ఒక మధ్యాహ్నం అటు నుంచి ఏడుపులు వినిపించాయి. అమ్మ చేతిలో పని వదిలేసి, చెప్పులైనా వేసుకోకుండా కాలవగట్టు మీద పరుగెత్తింది. వెళ్ళేసరికి పిన్ని మొహం మీద గుడ్డ కప్పేశారు.

దినం అయిన మర్నాడు నాన్న కత్తి తీసుకుని బాబాయి వైపుకి వెళ్ళాడు. బాబాయి మా వైపుకి వచ్చాడు. సాయంత్రానికి కంచె పొడవునా కంప కొట్టి, ఆడవాళ్ళ దారి కూడా తెరిచేశారు. నాన్న మంచినీళ్ళకి ఇంట్లోకి వస్తే అమ్మ చెంబు అందిస్తూ ఒక్క మాటే అంది.

"ఇప్పుడెవర్ని చూద్దామని కొట్టారండీ?"

నాన్న ఆ నీళ్ళు తాగలేదు.

ఈ రోజుల్లో మా మరదలైతే ఎవర్నీ అడగదు. స్కూటీ తీసి గట్టు మీద నుంచి అవతలి ఇంటికి వెళ్ళి, కాఫీ తాగి, కబుర్లాడి వచ్చేస్తుంది. వెళ్ళి వచ్చాక కూడా మా తమ్ముడికి చెప్పాలనిపిస్తేనే చెబుతుంది. అది చూస్తే నాకెంత సంతోషమో, అంత దుఃఖమూ వస్తుంది. మా అమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. నాన్నని గానీ బాబాయిని గానీ పల్లెత్తు మాటనలేదు. ఎప్పుడైనా ఒంటరిగా కూర్చున్నప్పుడు మాత్రం, నేను అడక్కుండా వెళ్ళిపోవాల్సింది అని తనలో తనే అనుకునేది.