పొట్టు కుప్పలో దొరికిన సిగ్నల్

2018లో విజయనగరంలోని ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతూ, సుజాత అనే అమ్మాయి పీహెచ్‌డీకి గైడ్‌గా ఉన్నాను. వాళ్లది పాతపట్నం దగ్గర చోళ్లు, అంటే రాగులు పండించే కుటుంబం. మైక్రోవేవ్‌లలో తీసిన ఆకాశపు మ్యాపుల నుంచి విశ్వం తొలినాటి వెలుగును విడదీయడం మా పని. ఆ వెలుగుకు అడ్డంగా మన పాలపుంతలోని ధూళి కూడా వెలుగుతుంటుంది. దాన్ని ఫోర్‌గ్రౌండ్ అంటాం. ఫ్రీక్వెన్సీ మారితే ధూళి తీరు మారుతుంది, తొలి వెలుగు ఉష్ణోగ్రత మారదు. అందుకని వేర్వేరు ఫ్రీక్వెన్సీల మ్యాపులను తగిన పాళ్లలో కలిపితే ధూళి చాలావరకు పోతుంది.

ఆకాశాన్ని బాగా చిన్న ముక్కలు చేసి, దేనికది శుభ్రం చేయమని సుజాతకు చెప్పాను. మ్యాప్ తుడిచిన అద్దంలా వచ్చింది. సిగ్నల్, అంటే ఆ తొలి వెలుగు, మాత్రం మిగతా పరిశోధకులకు వచ్చినదానికన్నా తక్కువగా ఉంది. థీసిస్ గడువు నెల కూడా లేదు. ఆ ఫలితంతో ఇస్తే తిప్పి పంపడం ఖాయం.

"నీ ప్రోగ్రాంలోనే తప్పుంది" అన్నాను.

"మూడుసార్లు సూసాను సార్. అందులో ఏటీ నేదు."

"నాలుగోసారి చూడు."

మర్నాడు వచ్చి ఎదురుగా కూర్చుంది. "సోళ్ళు సెరిగినాక మా అమ్మ పొట్టు కుప్పలో సెయ్యెట్టి సూస్తాది సార్. గింజలెన్ని పోయాయో అక్కడే తెలుస్తాది. మనం తీసి పారేసింది ఓసారి సూద్దామా?"

కంప్యూటర్లో ఒక నకిలీ ఆకాశం తయారుచేశాం. అందులో సిగ్నల్ ఎంతో మాకు ముందే తెలుసు. దానికి ధూళి కలిపి, మా పద్ధతిలోనే శుభ్రం చేసి, తీసేసిన భాగాన్ని చూశాం. ధూళితోపాటు సిగ్నల్ కూడా కొంత అక్కడే ఉంది. ముక్క మరీ చిన్నదైతే ధూళి, సిగ్నల్ అనుకోకుండా ఒకేలా కనిపిస్తాయి. లెక్క రెండింటినీ కలిపి ఊడ్చేస్తుంది. ముక్కలు పెద్దవి చేయగానే నష్టం దాదాపు పోయింది. అసలు మ్యాపులనూ అలాగే శుభ్రం చేస్తే సిగ్నల్ మిగతావాళ్లకు వచ్చినంతే వచ్చింది.

"సిన్న ముక్కలు సెయ్యమన్నది ఎవరు సార్?" అంది, ఏమీ ఎరగనట్టు.

"నేనే."

"తేదీ కూడా డైరీలో రాసుంటారు."

రాసుంది. కింద గీత కూడా గీసుకున్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

గడువుకు రెండు రోజుల ముందు థీసిస్ ఇచ్చింది. వైవాలో పరీక్షకులు ఎక్కువసేపు అడిగింది ఆ పారేసిన మ్యాప్ గురించే. ఆ తర్వాత ఏ విద్యార్థి శుభ్రమైన మ్యాప్ తెచ్చినా, ముందు తీసేసింది చూపించమనేవాణ్ణి. వాళ్ల ప్రోగ్రాంను తప్పుపట్టే ముందు, నేనేం చేయమన్నానో చదువుకునేవాణ్ణి.